వృద్ధుల మాట వినుటయను విద్య



మన యిండ్లలో తఱచుగా వినబడు మాట యొకటి కలదు. ఇంటి పెద్దాయన పది దినములుగా సరిగా భోజనము చేయుట లేదని యొకరనగా, "ఈ వయసులో అంతేలెండి" అని వేఱొకరు బదులు చెప్పుదురు. మామ్మగారికి రాత్రులు నిదుర పట్టుట లేదు. ఈ వయసులో అంతే. ఒకప్పుడు వీధియరుగు మీద కూర్చుండి వచ్చిపోవువారి నందఱిని పలుకరించిన మనుష్యుడు నేడు గది దాటి వెలుపలికి రాకున్నాడు. ఈ వయసులో అంతే. ఇట్లనువారు కఠినులు కారు. ప్రేమ గలవారే, వేళకు మందులు కొని తెచ్చువారే యీ మాట అనుచుందురు. కాని యిది పలికినతోడనే యొక తలుపు మూసికొనిపోవును. కారణ మేమో కనుగొనవలెనను పూనిక అంతటితో నిలిచిపోవును.

వృద్ధులకు తోడ్పడదలచిన కౌన్సెలర్లకు ఎట్టి శిక్షణ మీయవలెనను విషయమును గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిని. ఆ శిక్షణమున పాఠములు పెక్కు గలవు. అవన్నియు చేరునది మాత్ర మొక్క చోటికే: "ఈ వయసులో అంతే" యను మాటను కౌన్సెలరు తన మనస్సునుండి తుడిచివేసికొనవలెను.

కౌన్సెలరనగా ఎవరు? మనకు పరామర్శ యను ఆచార మున్నది. జబ్బు చేసినను, ఇంట చావు కలిగినను బంధుమిత్రులు వత్తురు. ధైర్యముగా నుండుడని, భగవంతునిపై భారము వేయుడని నాలుగు మంచిమాటలు చెప్పి పోవుదురు. అది మంచి యాచారమే. దానివలన ఊరట కలుగును. కాని పరామర్శకు వచ్చినవాడు తాను మాటలాడుటకు వచ్చును. కౌన్సెలరు ఎదుటివారిచే మాటలాడించుటకు వచ్చును. వచ్చినవాడు ఒక్క పూటలో వెడలిపోవును. కౌన్సెలరు వారము వారము వచ్చి, క్రిందటి వారము విడిచిన చోటనే మరల నారంభించును. ఈ రెండవ పని స్వభావసిద్ధమైన దయచేతనే రాదు. దానిని నేర్చుకొనవలసి యున్నది.

వృద్ధుల మనస్సుకు చికిత్స యేమి ఫలించునను సందేహము విద్వాంసులకును లేకపోలేదు. వియన్నా నగరమున సిగ్మండ్ ఫ్రాయిడ్ 1904వ సంవత్సరపు డిసెంబరులో వైద్యుల యెదుట ఉపన్యసించుచు, ఏబది యేండ్లకు చేరువైనవారికిని, దాటినవారికిని మనస్సు వంగు గుణము సాధారణముగా నుండదు గనుక తన చికిత్స వారికి తగదని చెప్పెను. అప్పటికాయన వయస్సు నలువదియెనిమిది. ఆయన యటుపిమ్మట మూడు దశాబ్దములకు పైగా క్రొత్త సిద్ధాంతములు వ్రాయుచు, తన మాటను తన జీవితముతోనే త్రోసిపుచ్చెను. ఆయన శిష్యుడైన కార్ల్ అబ్రహాము 1919లోనే పెద్దవయస్సు వారికి గూడ ఆ చికిత్స ఫలించునని అనుభవపూర్వకముగా వ్రాసెను.

పనిలో పెట్టి చూపినది యొక స్త్రీ. లిలియన్ మార్టిన్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రము బోధించి, 1916లో అరువదియైదవ యేట విరమించెను. విరమించినపిమ్మట ఊరకుండక, 1929లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున వృద్ధులకై ప్రత్యేకముగా నొక కౌన్సెలింగు కేంద్రము స్థాపించెను. అప్పటికామె డెబ్బదియెనిమిది యేండ్లది. వృద్ధులకు క్రొత్తది నేర్చుకొను శక్తి యుండదను వాదమునకు ఆ కేంద్రమును, దానిని నడిపిన యామె వయస్సును రెండును సమాధానములే. వయస్సును బట్టి మనుష్యుని తక్కువచేసి చూచు దృష్టికి, జాతినిబట్టి చిన్నచూపు చూచుటకు గల పేరువంటి పేరొకటి పెట్టవలెనని తోచి, ఆంగ్లమున 'ఏజిజం' అను పదమును 1969లో రాబర్ట్ బట్లరను వైద్యుడు కల్పించెను. దానిని మనము 'వయోవివక్ష' యనుచున్నాము.

ఇక మన దేశపు మాట. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల నాటికే అరువది యేండ్లు దాటినవారు దేశమున పదికోట్లకు పైగా నుండిరి. ఇందఱికి మానసిక వైద్యనిపుణులు చాలుదురా? చాలరు. అందుచేత సామాన్యులకు శిక్షణ మిచ్చి ఈ పని చేయింపవచ్చునా యను ప్రశ్న పుట్టినది. గోవాలో సంగత్ అను సంస్థవారు ఇతరులతో గలసి దీనిని పరీక్షించి, ఫలితములను 2019లో ప్రకటించిరి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు వచ్చు అరువది దాటినవారిలో, దిగులు లక్షణములు కొంత పొడసూపియు ఇంకను పూర్తి వ్యాధిగా ముదరనివారిని 181 మందిని తీసికొనిరి. వారిలో 91 మందికి మానసిక వైద్యము చదువని, శిక్షణము మాత్రము పొందిన కౌన్సెలర్లు తోడ్పడిరి. తక్కిన 90 మందికి మామూలు వైద్యమే జరిగెను. ఏడాది గడచునప్పటికి మొదటి గుంపులో నలుగురు మాత్రమే తీవ్రమైన డిప్రెషన్ వ్యాధి పాలైరి. రెండవ గుంపులో పదుమువ్వురు. ఇది చిన్న పరీక్షయే. ఒక్క ప్రాంతమున జరిగినదే. ఐనను "ఈ వయసులో అంతే" యను మాటకు ఇంతకంటె సూటియైన జవాబు లేదు. వయస్సు రెండు గుంపుల వారికి నొక్కటే. తేడా వచ్చినది వినువాడు కలిగినందున.

ఆ కౌన్సెలర్లు చేసిన దేమి? సమస్యలను విడదీసి పరిష్కరించుకొనుట నేర్పిరి. నిదుర కుదురుటకు పాటింపవలసిన నియమములు చెప్పిరి. మధుమేహము వంటి వ్యాధులు గలవారు తమ్ము తాము చూచుకొను విధము వివరించిరి. ప్రభుత్వమువలన లభింపగల సహాయములు అందునట్లు తోడ్పడిరి. ఇందులో మంత్రతంత్రములు లేవు. ఇట్టి పనికి ఒకరిని సిద్ధపఱచుట యెట్లో యిక చూతము.

మొదటి పాఠము: తన యెదుట నున్నది ఎవరు? వృద్ధుని సామాన్యముగా ఎవరో వెంటబెట్టుకొని వత్తురు. కుమారుడు కుర్చీలో ముందుకు జరిగి, "మా నాన్నగారికి మతిమరుపండీ, ఏమీ చెప్పలేరు" అని తానే కథ యంతయు చెప్పును. తండ్రి ప్రక్కను మౌనముగా కూర్చుండును. శిక్షణము లేనివాడు కుమారుని వైపునకే తిరిగి మాటలాడును. శిక్షణము పొందినవాడు, "మీరు చెప్పినది విన్నానండీ, ఇప్పుడు నాన్నగారితో కొంతసేపు విడిగా మాటలాడుతాను" అని మర్యాదగా కుమారుని వెలుపలికి పంపును. రుసుము చెల్లించినది కుమారుడు గావచ్చును. రహస్యము మాత్రము తండ్రిది. "లోపల ఏమన్నారు?" అని తరువాత అడిగినప్పుడు, "అది వారినే అడగండి" అనగల ధైర్యము కౌన్సెలరునకు కావలెను. ఇంటిలో బెదరింపో, కొట్టుటయో, పింఛను లాగికొనుటయో జరుగుచుండినచో ఆ విషయము ఏకాంతముననే వెలికి వచ్చును. ప్రాణాపాయమున్నప్పుడు మాత్రము ఆ రహస్యమును తగినవారికి తెలుపవలసి వచ్చునని మొదటి దినముననే వృద్ధునికి చెప్పి యుంచవలెను.

పిలుపు సంగతియు నిందులోనిదే. చిన్నవయస్సు కౌన్సెలరు ప్రతివారిని "తాతగారూ" అని పిలుచుట ప్రేమయని తలచును. కాని నలువదియేండ్లు బడిలో పాఠము చెప్పినవానికి "మాస్టారూ" అను పిలుపులో గల నిండుదనము "తాతగారూ" లో నుండదు. ఒక ప్రాంతమున "అవ్వా" యన్న సంతోషించు నామె, వేఱొక ప్రాంతమున "మామ్మగారూ" అనుటయే మర్యాదగా నెంచును. మిమ్ము ఏమని పిలువవలెనని అడిగిన సరిపోవును. వృద్ధులును తమవంతు ప్రశ్నలు వేయుదురు: "ఏ ఊరమ్మా మీది? పెళ్ళయిందా? పిల్లలెందఱు?" పాశ్చాత్య గ్రంథములు చదివిన కౌన్సెలరు ఇట్టి ప్రశ్నలకు బదులు చెప్పరాదని బిగిసికొనును. మన దేశమున నది పొగరుగా కనబడును. క్లుప్తముగా బదులు చెప్పి, చిఱునవ్వుతో మాటను మరల వారివైపునకు త్రిప్పుట నేర్చుకొనవలసిన నేర్పు.

రెండవ పాఠము శరీరమును గూర్చినది. వయస్సుతో చెవి మొదట కోల్పోవునవి సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులు. కావున గట్టిగా అఱచినంత మాత్రమున మాట తేటపడదు. కోపపడినట్లు మాత్రము తోచును. ఎదురుగా, మొగముపై వెలుతురు పడునట్లు కూర్చుండి, గొంతు తగ్గించి, నిదానముగా మాటలాడవలెను. వినబడక బదులు చెప్పలేనివానిని మతి చెడినవాడని లెక్కించుట పెద్ద పొరపాటు.

అంతకంటె ముఖ్యముగా, చూపునకు నొక్కటిగా నుండు మూడు వ్యాధులను వేఱుచేసి కనిపెట్టుట నేర్పవలెను. నిన్నటివఱకు బాగుగా నున్న మనుష్యుడు కొన్ని గంటలలో, ఒకటి రెండు దినములలో తికమకపడి సంబంధములేని మాటలాడుచు, ఒక పూట తెలివితోడను ఒక పూట మగతతోడను నుండెనేని అది డెలీరియము. దాని వెనుక మూత్రాశయపు చీమో, జ్వరమో, ఒంటిలో నీరు లవణములు తగ్గుటయో, పడని మందో యుండును. అప్పుడు మాటలతో పనిలేదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. నెలలు, ఏండ్లు గడచుకొలది మఱపు మెల్లమెల్లగా పెరిగి, తెలిసిన త్రోవ తప్పిపోవుట, లెక్కలు చిక్కుపడుట జరిగినచో డిమెన్షియా యని సందేహింపవలెను. కొన్ని వారములుగా ఉత్సాహము చచ్చి, నిదుర ఆకలి తప్పి, ఇష్టమైన పనులపై గూడ మనసుపోనిచో డిప్రెషన్ యని శంకింపవలెను. డిప్రెషన్ గల వ్యక్తి తనకేమియు గుర్తుండుట లేదని తానే మొరపెట్టుకొనును. డిమెన్షియాలో ఆ మొర తఱచుగా ఇంటివారినుండి వచ్చును. థైరాయిడు లోపము, బి12 విటమిను లోపము గూడ మనస్సును మందగింపజేయును. ఏ వ్యాధియని తేల్చుట వైద్యుని పని. వైద్యునివద్దకు ఎప్పుడు పంపవలెనో తెలిసికొనుట కౌన్సెలరు పని.

మూడవ పాఠము అడుగుట. మన పెద్దలు "నాకు మనసు బాగా లేదు" అని సాధారణముగా చెప్పరు. "అన్నం సయించడం లేదు, ఒళ్ళంతా లాగుతోంది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది" అందురు. ఈ మాటలనుండియే లోపలి దిగులును పట్టుకొనవలెను. ఇందుకై అమెరికాలో యెసవేజ్ అను వైద్యుడును ఆయన సహచరులును కూర్చిన ముప్పది ప్రశ్నల పట్టిక యొకటి 1980 ప్రాంతముల నుండి వాడుకలో నున్నది. పదునైదు ప్రశ్నలకు కుదించిన పట్టికయు కలదు. అన్నింటికిని అవుననియో కాదనియో చెప్పిన చాలును. వృద్ధులకు సహజముగనే ఉండు నొప్పులు నలతలు లెక్కను తారుమారు చేయకుండ, ఆ ప్రశ్నలు శరీరమును విడిచి మనస్సునే అడుగును. ఆ పట్టిక తీర్పు చెప్పదు. సంభాషణకు దారి చూపును.

అడుగుటకు వెనుదీయు ప్రశ్న యొకటున్నది. "దేవుడెప్పుడు తీసుకుపోతాడో" అనుట మన పెద్దలకు వాడుక. అది వైరాగ్యము గావచ్చును. తృప్తిగా బ్రతికినవారి నోట నట్టి మాట రావచ్చును. కాని అదే మాట వెనుక ప్రాణము తీసికొను తలంపుండుటయు కలదు. ఈ భేదము ఊహించి తెలిసికొనదగినది కాదు. "చనిపోవాలని అనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలని ఆలోచన వచ్చిందా?" అని నెమ్మదిగా, సూటిగా అడుగవలెను. అడిగినందువలన లేని తలంపు పుట్టదని అనుభవజ్ఞులు, పరిశోధకులు చెప్పుచున్నారు. అడిగినప్పుడే బరువు దిగినవారు పెక్కురు. అవునని చెప్పినచో ఒంటరిగా విడువరాదు. ఇంటిలో పురుగులమందుగాని, దాచిన మాత్రలుగాని యున్న వానిని దూరము చేయించి, ఆనాడే వైద్యునితో కలుపవలెను. 2022లో ఆరంభింపబడిన టెలి మానస్ వారి 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును.

నాలుగవ పాఠము సమస్యను విడదీయుట. ఒక దృష్టాంతము కల్పించి చెప్పెదను. విశ్రాంత ఉపాధ్యాయు డొకడున్నా డనుకొందము. భార్య పోయి రెండేండ్లైనది. కుమార్తె హైదరాబాదున, కుమారుడు అమెరికాలోని న్యూజెర్సీలో నున్నారు. "నాకేం లోటు లేదు బాబూ, పిల్లలు బాగున్నారు, డబ్బు పంపుతున్నారు" అనును. అనుచునే కండ్లు తుడిచికొనును. ఒంటరితనమను కొండను ఎవరును కదల్పలేరు. కావున కౌన్సెలరు ఇట్లడుగును: "మాస్టారూ, రోజు మొత్తంలో గడవనిది ఏ వేళ?" ఆలోచించి ఆయన చెప్పును: సాయంకాలము దీపములు పెట్టువేళ. ఆ వేళకు భార్యయు తానును కాఫీ త్రాగుచు కూర్చుండెడివారు. ఇప్పుడు కొండ రెండుగంటల కాలముగా తగ్గినది. ఆ రెండు గంటలకు ఏమేమి చేయవచ్చునో ఆయనచేతనే చెప్పించి కాగితముపై వ్రాయింపవలెను: గ్రంథాలయము, గుడి, ప్రక్కయింటి పిల్లలకు లెక్కలు చెప్పుట, కుమారునితో ఫోను. మన సాయంకాలము ఆరు గంటలకు న్యూజెర్సీలో వేసవిని ఉదయము ఎనిమిదిన్నర. కుమారుడు పనికి పోవువేళ. ఒకటి యెన్నుకొనుట వృద్ధుని వంతు. ఆయన గ్రంథాలయము నెన్నుకొనెను. పోయి చూచునప్పటికి సాయంకాలము తాళము వేసియుండెను. మఱుసటి వారము నిరాశతో వచ్చును. ఇచ్చటనే శిక్షణము అక్కఱకు వచ్చును. కౌన్సెలరు జాలిపడి తాను మఱొక ఉపాయము చెప్పడు, కాగితమును మరల విప్పి, "రెండవది చూద్దామా మాస్టారూ?" అనును. పిల్లలకు లెక్కలు చెప్పుట కుదిరినచో ఆ కుదుర్చుకొన్నది ఆయనయే. తన జీవితమును తాను నడుపుకొనగలనను నమ్మకము తిరిగివచ్చుటయే మందు.

చెప్పిన కథనే మరల మరల చెప్పు వృద్ధులను చూచి విసుగుకొనుట మనకలవాటు. పైన చెప్పిన బట్లరే 1963లో, గతమును నెమరువేసికొనుట చాదస్తము గాదని, బ్రతుకు చివరి భాగమున మనుష్యుడు తన లెక్కలు తాను సరిచూచికొను సహజమైన పని యని వ్రాసెను. కథ ఎప్పుడును ఒక్కచోటనే నిలిచిపోవుచున్నదా యని గమనింపవలెను. తమ్మునితో పొలము తగాదా దగ్గఱనో, చిన్నతనముననే పోయిన బిడ్డ దగ్గఱనో మాట ఆగును. "ఆ తరువాత ఏమైందండీ?" అను చిన్న ప్రశ్నకై ఆయన ఏండ్ల తరబడి ఎదురుచూచుచు నుండవచ్చును.

ఐదవ పాఠము చట్టము. కడుపునకు కూడు లేనివానికి ఓదార్పు మాటలు చెప్పుట న్యాయము గాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. పోషింపగలిగియు పోషింపని సంతానముపై వృద్ధులు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. నోటీసు అందిన తొంబది దినములలో విచారణ ముగింపవలెనని అందున్నది. తన్ను చూచుకొందురను షరతుపై ఆస్తిని వ్రాసియిచ్చిన పిమ్మట వారు చూడనిచో, ఆ దస్తావేజును రద్దుపఱచు అధికారము ట్రిబ్యునలుకు కలదు. ఇది కౌన్సెలరు ఎఱిగియుండవలెను. కాని అర్జీ పెట్టుడని త్వరపెట్టరాదు. కన్నకొడుకుపై ఫిర్యాదు చేయుటయు మానుటయు తల్లి నిర్ణయము. ఆమె యెదుట నున్న దారులు ఆమెకు తెలియజేయుటయే యీతని ధర్మము. సలహాకై ఎల్డర్ లైన్ వారి 14567 అను సంఖ్యయు నున్నది.

ఈ పాఠములు పుస్తకము చదివిన పట్టువడవు. శిక్షణాలయములలో నొక అభ్యాసము చేయింతురు: చెవులలో దూది పెట్టుకొని, మసకబారిన కండ్లద్దములు ధరించి, చేతికి మందమైన తొడుగులు వేసికొని, మందుచీటి చదివి మాత్రలు ఏరుమందురు. పావుగంటలోనే యువకునికి విసుగు పుట్టును. తాతగారి విసుగు స్వభావదోషము కాదని అప్పుడు తెలియును. తరువాత ఒకరు వృద్ధుడుగా, ఒకరు కౌన్సెలరుగా నటించి మాటలాడుదురు. అటుపిమ్మట అనుభవజ్ఞుని పర్యవేక్షణలో నిజమైన పని ఆరంభింతురు. ఈ పర్యవేక్షణ తొలినాళ్ళతో ముగియరాదు. ప్రతి వృద్ధునిలో తన తాతను, తన నాయనమ్మను, రేపటి తన్ను చూచుకొని కౌన్సెలరు కలత చెందుట సహజము. ఆ కలతను చెప్పుకొనుటకు ఆతనికిని ఒక మనుష్యుడు కావలెను.

ఇట్టి శిక్షణము పొందదగినవారు మన ఊళ్ళలో లేకపోలేదు. ఉద్యోగ విరమణ చేసిన నర్సులు, ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు, ఓపికగల గృహిణులు ఎందఱో యున్నారు. వృద్ధాశ్రమము స్థాపించువారు గోడలకు, మంచములకు వెచ్చించు ధనములో కొంత, ఆ మంచముల ప్రక్క కూర్చుండి వినువారి శిక్షణమునకు కేటాయించినచో ఆ గోడలకును సార్థకత కలుగును.

కౌన్సెలరు వచ్చువఱకు మన మూరకుండ నక్కఱలేదు. ఈ రాత్రి మీ యింటి పెద్దలు భోజనము మధ్యలో చేయి కడిగికొని లేచినప్పుడు, కారణము వయస్సుపై నెట్టివేయకుడు. ప్రక్కను కూర్చుండి, ఎందుచేత తినలేకపోయిరో వారినే అడుగుడు. అడిగినపిమ్మట, బదులు వచ్చువఱకు ఆగుడు. వృద్ధుల బదులు నెమ్మదిగా వచ్చును, కాని వచ్చును.